బీడీల చాటకూ ఒక బొమ్మ

ఇక్కడ జర్మనీలో మనవాళ్ళ ఇళ్ళకు వెళ్తే, హాల్లో కంచు నటరాజో ఇత్తడి వినాయకుడో తప్పకుండా ఉంటాడు. ఆ పక్కనే బీడీలు చేసే ఆడమనిషి బొమ్మ కూడా ఉండాలని నా కోరిక.

మాది ఎల్లారెడ్డి. కామారెడ్డి నుంచి మా ఊరి దాకా ఎక్కడ బస్సు దిగినా, చాట ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్న అక్కలు, వదినెలు కనిపిస్తారు. నానిన తునికాకు మీద అచ్చు పెట్టి కత్తిరిస్తారు. చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, దారం కట్టి, కొస మడుస్తారు. చూపు చేతుల మీద ఉండదు, ఎదురింటామెతో ముచ్చట నడుస్తూనే ఉంటుంది. బడి నుంచి వచ్చిన ఆడపిల్ల సంచి పక్కన పడేసి కట్టలు కట్టడానికి కూర్చుంటుంది. కట్టకు 25 బీడీలు. మగవాళ్ళు గల్ఫ్‌కు పోయిన ఇళ్ళల్లో పొయ్యి వెలిగించింది ఈ చేతులే. మా అమ్మ నడుము ఆ చాట మీదికి వంగి వంగి అట్లాగే ఉండిపోయింది. మన కూడళ్ళలో నాయకుల విగ్రహాలకు కొదవ లేదు, ఈ నడుముకు మాత్రం ఎక్కడా చోటు దొరకలేదు.

దానికి పెద్ద విగ్రహమే కావాలని లేదు. మొహెంజొదారోలో 1926లో దొరికిన కంచు అమ్మాయి ఎత్తు 10.5 సెంటీమీటర్లే. ఎడమచేతి నిండా భుజం దాకా గాజులు, నడుం మీద కుడిచెయ్యి. ఆ ఠీవి చూస్తే అంగడికొచ్చే మా తండాల అవ్వలే గుర్తొస్తారు.

ఆ బొమ్మను పోసిన మైనపు పద్ధతి మన రాష్ట్రంలో ఇంకా బతికే ఉంది. ఆసిఫాబాద్ జిల్లా ఉషేగాం, కేస్లాగూడల్లో ఓజా కుటుంబాలు డోక్రా బొమ్మలు చేస్తాయి. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మట్టి ముద్ద మీద మైనపు దారాలు చుట్టి రూపం తెస్తారు, పైన మళ్ళీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగించిన లోహం పోస్తారు. మూసను పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది, కాబట్టి ఏ రెండూ ఒక్కలా ఉండవు. దారాలతో రూపం కట్టే ఈ పనికి చాట అల్లిక, జడ పాయలు, బీడీ కట్టలు ఎంత బాగా కుదురుతాయో!

ఈసారి ఊరికి వెళ్ళే కామారెడ్డి, ఎల్లారెడ్డి వాళ్ళు అటు ఉషేగాం దాకా వెళ్ళి, మీ అమ్మ పని చేస్తున్న ఫొటో ఒకటి చూపించి బొమ్మ చేయించండి. అడ్వాన్సు ముందే ఇవ్వండి, బేరం ఆడకండి.