ఆర్ నోట యూనిక్స్ మాట

గణాంకాల కోసం పుట్టిన ఆర్ భాషలో 'సిస్టమ్' అని ఒక ఫంక్షన్ ఉంది. దానికి కోట్ల మధ్య 'డేట్' అని రాసిచ్చి ఎంటర్ కొడితే తెరమీద తేదీ పడుతుంది. చెప్పింది ఆర్ కాదు, కింద నడుస్తున్న లినక్సో మ్యాకో. బాగుందే అని ఆ జవాబును ఒక వేరియబుల్‌లో దాచుకుని తెరిచి చూస్తే మాత్రం తేదీ ఉండదు, సున్నా ఉంటుంది! కొత్తవాళ్లు ఇక్కడ తెల్లమొహం వేస్తారు. పని సవ్యంగా జరిగిందని చెప్పడమే ఆ సున్నా. ఆ పేరుతో కమాండే దొరక్కపోతే 127 వస్తుంది. తేదీయే చేతికి రావాలంటే 'ఇంటర్న్' ఆర్గ్యుమెంట్‌ను ట్రూ చేయాలి.

ఈ ఏర్పాటు వెనక ఒక ఇరుగుపొరుగు కథ ఉంది. ఆర్‌కు పూర్వీకురాలైన ఎస్ భాష 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్ బృందం చేతుల్లో మొదలైంది. లినక్స్, మ్యాక్‌లకు ఒరవడి అయిన యూనిక్స్ పుట్టిందీ ఆ సంస్థలోనే, 1969లో. కొన్నేళ్లకే ఎస్ యూనిక్స్ మీదికి కాపురం మార్చింది. చేతికందే దూరంలో అన్ని పనిముట్లుంటే ప్రతిదీ మళ్లీ తయారుచేసుకోవడం దేనికి?

ఇప్పటికీ ఆ తర్కం చెల్లుతుంది. దేశమంతటి వర్షపాతం ఉన్న భారీ ఫైల్‌లో అనంతపురం వరుసలే కావాలనుకుందాం. ఫైలంతా మెమరీలోకి లాగి ఆపైన వడపోయడం ఆర్‌కు మామూలు అలవాటు. అదే యూనిక్స్ వెతుకులాట పనిముట్టు గ్రెప్ అయితే వరుస వెంట వరుస చదువుతూ, పనికొచ్చినవే పైకి పంపిస్తుంది. డేటా.టేబుల్ ప్యాకేజీలోని 'ఎఫ్‌రీడ్'కు ఆ గ్రెప్ కమాండే ఇచ్చేయొచ్చు. కాకపోతే కాలమ్‌ల పేర్లున్న మొదటి వరుసలో అనంతపురం ఉండదు కదా, గ్రెప్ దాన్నీ వదిలేస్తుంది. పేర్లు విడిగా ఇచ్చుకోవాలి. ఇంకో తిరకాసు: వెతికింది దొరక్కపోతే గ్రెప్ 1 ఇస్తుంది. సున్నా కాని ప్రతిదాన్నీ తప్పుగా లెక్కేసే ప్రోగ్రామ్ అక్కడ ఊరికే గగ్గోలు పెడుతుంది.

విండోస్‌లో వేరే తంటా. అక్కడ 'డిర్' విడి ప్రోగ్రామ్ కాదు, కమాండ్ ప్రాంప్ట్ కడుపులోనే ఉంటుంది. అందుకే 'సిస్టమ్'తో పిలిస్తే పలకదు, 'షెల్' ఫంక్షన్‌తో పిలవాలి.

అసలు ప్రమాదం కమాండ్‌లో కలిపే ఫైల్ పేర్లలో ఉంది. పేరు మధ్య ఖాళీ ఉంటే, కమాండ్లను చదివి నడిపే యూనిక్స్ షెల్ దాన్ని రెండు ఫైళ్లనుకుంటుంది. సెమికోలన్ ఉంటే దాని తర్వాతి ముక్కను కొత్త కమాండ్‌గా నడిపేస్తుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు అప్‌లోడ్ చేసే ఫైళ్ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. ఆర్‌లోని 'ఎస్‌హెచ్‌కోట్' ఫంక్షన్ ఆ పేరుకు కోట్లు తొడుగుతుంది. 'సిస్టమ్2' ఆర్గ్యుమెంట్లను విడివిడిగా అడుగుతుంది కాబట్టి అదే కాపాడుతుందని చాలామంది ధీమా. అది వాటిని మధ్యలో ఖాళీలు పెట్టి అతికిస్తుందంతే, కోట్లు పెట్టదు. షెల్ జోలికే పోకూడదనుకునేవాళ్లకు 'ప్రాసెస్ఎక్స్' ప్యాకేజీ మేలు. ఫైళ్లను కాపీ చేయడం, తుడిచేయడం లాంటి చిల్లర పనులకైతే ఇవేవీ అక్కర్లేదు, ఆర్‌లోనే 'ఫైల్.కాపీ', 'అన్‌లింక్' ఉన్నాయి, అవి విండోస్‌లోనూ పేచీ పెట్టవు.