డబ్బా మీది బొమ్మ

కండలు పెంచడమే వృత్తిగా చేసుకుని, ఆ పేరు పెట్టుబడిగా వ్యాపారంలో దిగినవాళ్లలో అమెరికాకు చెందిన రోనీ కోల్‌మన్ చరిత్ర వైద్యులు శ్రద్ధగా చదవాల్సినది. 1998 నుంచి 2005 దాకా వరుసగా ఎనిమిదిసార్లు ప్రొఫెషనల్ బాడీబిల్డింగ్‌లో అన్నిటికన్నా పెద్దదైన మిస్టర్ ఒలింపియా కిరీటం అతనిదే. అంతకుముందు ఆ సంఖ్యను అందుకున్నవాడు లీ హేనీ ఒక్కడే. రంగస్థలం దిగాక 2011లో కోల్‌మన్ తన పేరుమీదే ప్రొటీన్ పొడుల కంపెనీ పెట్టాడు. మన పట్టణాల్లోని సప్లిమెంట్ దుకాణాల్లోనూ ఆ డబ్బాలు దొరుకుతాయి. నడుం పట్టుకుని ఎముకల డాక్టరు ఓపీకి వచ్చే జిమ్ కుర్రాళ్లలో అతని వీడియోలు చూడనివాళ్లు అరుదు. ఆ వీడియోల్లో బరువు ఎత్తుతున్న నడుముకు తర్వాత ఏమైందో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

కోల్‌మన్ 1964 మే 13న లూసియానా రాష్ట్రంలో పుట్టాడు. గ్రాంబ్లింగ్ స్టేట్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ఆడుతూ అకౌంటింగ్‌లో డిగ్రీ పూర్తి చేశాడు. లెక్కలు రాసే ఉద్యోగం దొరకలేదు. కొన్నాళ్లు డోమినోస్ పిజ్జా దుకాణంలో పనిచేశాడు. ఆ రోజుల్లో కడుపు నింపింది అక్కడ ఊరికే తినే పిజ్జాలేనని తర్వాత చెప్పుకున్నాడు. 1989లో టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ పోలీసు శాఖలో చేరాక, తోటి పోలీసు ఒకరు అతన్ని మెట్రోఫ్లెక్స్ అనే జిమ్‌కి పంపారు. ఏసీ లేని, ఇనుప సామాను కిక్కిరిసిన చోటు అది. యజమాని బ్రయాన్ డాబ్సన్ ఆ శరీరాన్ని చూసి, పోటీలకు దిగుతానంటే జీవితాంతం ఫీజు అక్కర్లేదన్నాడు. 1990లో మిస్టర్ టెక్సస్, మరుసటి ఏడాది ప్రపంచ అమెచ్యూర్ పోటీలో గెలుపు, దాంతో ప్రొఫెషనల్ హోదా వచ్చాయి.

ఆ తర్వాత ఏడేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1997 ఒలింపియాలో అతనిది తొమ్మిదో స్థానం. మరుసటి ఏడాది మొదటి స్థానం. కిరీటం వచ్చాక కూడా పోలీసు ఉద్యోగం వదల్లేదు. 2000 దాకా పూర్తికాలం, 2003 దాకా రిజర్వు అధికారిగా పనిచేశాడు. అతని జీవితంలో తెలివైన నిర్ణయం ఏదంటే ఇదే. అమెరికాలో ఆరోగ్య బీమా చాలావరకు ఉద్యోగాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. శరీరమే పెట్టుబడి అయినవాడికి నెల తిరిగేసరికి వచ్చే జీతం, దాని వెనక ఉండే బీమా ఎంత అవసరమో అకౌంటింగ్ చదివినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఈ క్రీడలో డబ్బు వేదికమీద పుట్టదు. 1998లో మిస్టర్ ఒలింపియా మొదటి బహుమతి 1,10,000 డాలర్లు. 2005లో 1,50,000. అదే కాలంలో బాస్కెట్‌బాల్ జట్టులో పేరున్న ఆటగాడి ఒక్క ఏడాది జీతంతో పోలిస్తే అది చిల్లర. 2024 నాటికి బహుమతి 6,00,000 డాలర్లకు పెరిగింది గానీ, ఆ వేదిక ఎక్కినవాళ్లలో ఏడాదికి ఒక్కడికే అది దక్కుతుంది. మిగిలిన ఆదాయమంతా పేరు తెచ్చిపెట్టేది. సప్లిమెంట్ కంపెనీల ఒప్పందాలు, ఊరూరా అతిథిగా వచ్చి కండలు చూపించడం, శిక్షణ తరగతులు, వీడియోలు. ఖర్చు మాత్రం రోజూ ఉంటుంది. తిండి, శిక్షణ, ప్రయాణాలు, పైకి చెప్పుకోని మందులు. అందుకే చాలామంది ప్రొఫెషనల్స్ పోటీలు మానేసే వయసుకు చేతిలో ఏమీ లేకుండా మిగులుతారు. కోల్‌మన్ ఎనిమిది కిరీటాలతో, మొత్తం 26 ప్రొఫెషనల్ విజయాలతో ఆ గుంపు నుంచి బయటపడ్డాడు.

అతనికి పేరు తెచ్చింది కిరీటాలొక్కటే కాదు, ఎత్తిన బరువులు కూడా. 800 పౌండ్లు, అంటే 360 కిలోలకు పైగా, భుజాలమీద పెట్టుకుని రెండుసార్లు కూర్చుని లేచాడు. కాళ్లతో నెట్టే యంత్రంమీద రెండువేల పౌండ్లు దాటించాడు. బరువు కిందికి దూరేముందు ‘లైట్ వెయిట్ బేబీ’ అని అరిచే అరుపు, ‘యే బడ్డీ’ అనే కేక ప్రపంచమంతా పాకాయి. ఆ రెండో కేకే తర్వాత అతని కంపెనీ అమ్మే ఒక పొడికి పేరైంది.

వెన్నెముక లెక్క ఇక్కడే మొదలవుతుంది. కండకు రక్తం సమృద్ధిగా అందుతుంది. మంచి తిండి, నిద్ర, సాధన ఉంటే కొన్ని వారాల్లోనే బలం పుంజుకుంటుంది. కండను ఎముకకు కట్టి ఉంచే టెండన్ గట్టిపడటానికి నెలలు పడుతుంది. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ సంగతి వేరు. పెద్దవాళ్లలో దాని లోపలికి రక్తనాళాలు పోవు. పైనా కిందా ఉన్న ఎముక పలకల గుండా ఊరి వచ్చే పోషకాలతోనే అది బతుకుతుంది. ఇరవై దాటాక దానిలోని నీరు మెల్లగా తగ్గుతూ పోతుంది. దానికి చిన్న చీలిక పడితే పూడటం చాలా నెమ్మది. తొడ కండ ఈ ఏడాది నూరు కిలోలు అదనంగా ఎత్తగలదని డిస్క్‌కి ఎవరూ కబురు పంపరు. భారం మాత్రం దానిమీదే పడుతుంది. హార్మోన్ మందులు ఈ ఎడాన్ని ఇంకా పెంచుతాయి. కండ బలం ఒక్కసారిగా పెరుగుతుంది, టెండన్, డిస్క్ వెనకే ఉండిపోతాయి. కోల్‌మన్‌కి ముందు ఆరుసార్లు గెలిచిన ఇంగ్లండ్ వాసి డోరియన్ యేట్స్ 1997లో చేతి వెనక కండ తెగిన స్థితిలోనే చివరి పోటీ గెలిచి, ఆటకు దండం పెట్టాడు.

కోల్‌మన్ నడుముకు 2007 డిసెంబరులో ల్యామినెక్టమీ చేశారు. వెన్నుపూస వెనక ఉండే ఎముక పలకను తీసి, నలిగిపోతున్న నరాలకు చోటు చేసే ఆపరేషన్ అది. 2011లో నడుముకు మరోసారి, మెడలో పూసలు కలిపి బిగించే ఆపరేషన్ ఇంకోసారి జరిగాయి. 2014లో రెండు తుంటి కీళ్లూ మార్చారు. ఆ తర్వాత గంటల తరబడి సాగిన వెన్ను ఆపరేషన్లు. మొత్తం పదికి పైనే. 2018లో ‘రోనీ కోల్‌మన్: ది కింగ్’ డాక్యుమెంటరీ వచ్చేనాటికి అతను ఊతకర్రలు లేకుండా నడవలేని స్థితికి వచ్చాడు. చివరి మూడు ఆపరేషన్లకు ఒక్కోదానికి అయిదు లక్షల డాలర్ల దాకా అయిందని అతనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఆ లెక్కన ఒక్క ఆపరేషన్ ఖర్చు మూడు కిరీటాల నగదు బహుమతిని మింగేస్తుంది.

అతని ఆస్తి ఇన్ని కోట్లని ప్రచారంలో ఉన్న అంకెలు ఊహలే. సొంత కంపెనీ ఖాతాలు బజారులో పెట్టరు. ఖచ్చితంగా తెలిసింది ఒకటే. వేదికమీది బహుమతులతోనే ఈ ఆపరేషన్ల బిల్లులు కట్టడం కష్టం. వేదికమీద సంపాదించిన పేరును సరైన సమయంలో సరుకుగా మార్చడమే అతన్ని నిలబెట్టింది. ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. నడవలేని స్థితిలో కూడా ఊళ్లు తిరిగి, అభిమానులతో నవ్వుతూ ఫొటోలు దిగి, కంపెనీని నడుపుకొస్తున్న మనిషి ఓర్పు గౌరవించదగినది. ఎముకల వార్డులో పనిచేసినవాళ్లకు ఆ నవ్వు వెనక ఎంత నొప్పి ఉంటుందో తెలుసు.

తప్పంతా ఆ డబ్బాను చదివే తీరులో ఉంది. డబ్బా మీది బొమ్మ కిరీటాల కాలం నాటిది. డబ్బాలో ఉన్నది ఎక్కువగా వే ప్రొటీన్, అంటే పాలు విరిచి చీజ్ తీశాక మిగిలే తేటనుంచి తీసిన పొడి. ఒక చెంచాలో ఉండే పాతిక గ్రాముల ప్రొటీన్ నాలుగు కోడిగుడ్లలో దొరుకుతుంది. ఇలాంటి దుకాణాల్లో దొరికే మరో పొడి క్రియాటిన్ మంచి పరిశోధన ఉన్న పదార్థమే. రోజుకు మూడునుంచి అయిదు గ్రాములు చాలు. వ్యాయామానికి ముందు తాగే పొడుల్లో మాత్రం మూడు కప్పుల కాఫీకి సరిపడా కెఫీన్ ఒకే చెంచాలో ఉండే రకాలున్నాయి. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం ఇలాంటి పొడులు అమ్మడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఈ పొడులేవీ ఆ బొమ్మలోని శరీరాన్ని తయారు చేయలేవు. అది పుట్టుకతో వచ్చిన దేహం, పదిహేనేళ్ల కఠోర సాధన, ఆ స్థాయి పోటీల్లో అందరికీ తెలిసిన హార్మోన్ మందుల వాతావరణం కలిస్తే వచ్చేది.

పొడితో ఆ బొమ్మ రాదని ఆరు నెలల్లో తేలిపోయాక జిమ్‌లో ఎవరో ఒక ‘అన్న’ మందులున్న రెండో అర తెరుస్తాడు. మన దగ్గర వైద్యులు చూసే కేసులు అక్కడినుంచి వచ్చేవే. ఒక చిన్న పట్టణంలో జిమ్ ట్రైనర్, ముప్పై ఒక్కేళ్లవాడు, రెండు తుంటిలూ పట్టేసి నేలమీద కూర్చోలేని స్థితిలో వచ్చాడు. ఎంఆర్‌ఐలో రెండువైపులా తొడ ఎముక తలకు రక్తం ఆగి ఎముక చచ్చుబడినట్టు తేలింది. స్టెరాయిడ్ వాడారా అంటే లేదన్నాడు. అబద్ధం చెప్పలేదు, అతనికి తెలియదు. బరువు పెరగడానికని రెండేళ్లుగా మింగిన ‘బలం మాత్రల’ అట్ట తెప్పించి చూస్తే అది డెక్సామెథసోన్. కండ పెంచే స్టెరాయిడ్ వేరు, ఇది వేరు. ఇది ఒంట్లో నీరు పట్టించి ముఖం నిండుగా చేస్తుంది, కండను కరిగిస్తుంది, తుంటి ఎముకను చంపుతుంది.

మరో కేసు సంతానం కోసం వచ్చిన దంపతులది. ఏడాదిన్నర పాటు పరీక్షలన్నీ భార్యకే చేయించారు, మన ఇళ్లలో జరిగే అన్యాయం అది. చివరికి భర్త వీర్య పరీక్షలో కణాలు సున్నా. అతను టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నాడు. బయటినుంచి హార్మోన్ వస్తుంటే మెదడు వృషణాలకు ఆజ్ఞలు ఆపేస్తుంది, అవి కుదించుకుపోతాయి. మగతనం పెంచుతుందని తీసుకున్న మందే మగతనాన్ని నిద్రపుచ్చింది. మానేశాక అతనికి నెలలు పట్టింది గానీ కణాలు తిరిగొచ్చాయి. అందరికీ రావు. ఇక మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్. ఆపరేషన్ బల్లమీద వెన్నులో మత్తు ఇచ్చినప్పుడు పడిపోయే రక్తపోటును లేపడానికి మత్తు డాక్టర్లు వాడే మందు. దాన్ని వ్యాయామానికి ముందు పొడుచుకునే అలవాటు హైదరాబాద్ జిమ్‌లదాకా వచ్చింది, అధికారులు అమ్మకాలను పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఆరోగ్యమైన గుండెను అది పరుగులు పెట్టిస్తుంది. కొందరిలో లయ తప్పిస్తుంది.

దేహబలాన్ని వ్యాపారం చేయడం తెలుగువాళ్లకు కొత్త కాదు. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఇనుప గొలుసులు తెంచి, రొమ్ముమీదికి ఏనుగును ఎక్కించుకుని, సొంత సర్కస్ కంపెనీ నడిపాడు. చివరికి కాలిమీది పుండు ముదిరి కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో కన్నుమూశాడు. బలం తగ్గాక కూడా నడిచే సరుకు ఆయన వ్యాపారంలో లేదు. సర్కస్ బలవంతుడి మీదే ఆధారపడి నడిచింది.

అందరి కథా ఒకేలా ముగియలేదు. లీ హేనీ 1991లో ఎనిమిదో కిరీటం అందుకుని 31 ఏళ్లకే పోటీలు మానేశాడు. కండను ప్రేరేపించాలే తప్ప చిత్తు చేయకూడదనేది అతని పద్ధతి. కాంక్రీటు పనిచేసే కుటుంబం నుంచి వచ్చిన జే కట్లర్ 2006లో కోల్‌మన్‌ని ఓడించాడు. అతనూ తర్వాత తన పేరుతో సప్లిమెంట్లు అమ్మాడు. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ సినిమాల్లో వెలగకముందే తాపీపని కాంట్రాక్టులు, పోస్టులో శిక్షణ పుస్తకాలు, అపార్ట్‌మెంట్ల కొనుగోలుతో డబ్బు సంపాదించాడు. 1997లో అతనికి జరిగిన గుండె ఆపరేషన్‌ను కండల ఖాతాలో వేస్తుంటారు గానీ, బృహద్ధమని కవాటానికి మూడు రెక్కలకు బదులు రెండే ఉండటం పుట్టుకతో వచ్చిన లోపం.

ఇక ఓపీలో తరచూ కనబడే కేసు. ఇరవై నాలుగేళ్ల యువకుడు, మందుల దుకాణంలో పని. ‘బరువెత్తితే పట్టేసింది సార్’ అని మొదలుపెట్టాడు. నొప్పి గురించి పది నిమిషాలు చెప్పి, లేస్తూ మాటవరసకి ఇంకోటి అన్నాడు: కుడి కాలి చెప్పు నడుస్తుంటే తెలియకుండానే జారిపోతోందని. అసలు సంగతి అదే. మడమలమీద నడవమంటే కుడి పాదం ముందుభాగం నేలను వదల్లేదు. బొటనవేలు పైకెత్తమంటే కదల్లేదు. నాలుగు, అయిదు నడుం పూసల మధ్య డిస్క్ బయటికొచ్చి నరాన్ని నొక్కింది. కోల్‌మన్‌కి మొదట కోత పడిందీ ఆ భాగంలోనే. నొప్పి ఒక్కటే ఉంటే ఆరు వారాలు మందులు, ఫిజియోథెరపీతో ఎక్కువమందికి తగ్గుతుంది. కాలి బలం పడిపోతున్నా, మూత్రం పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా ఆగకూడదు. ఈ యువకుడికి మూడో రోజు ఆపరేషన్ అయింది.

ఆరు నెలల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు బొటనవేలు లేచింది, పూర్తిగా కాదు. జిమ్‌కి మళ్లీ వెళ్తున్నాడు. నడుముమీద పట్టీ బిగించి బరువు పెంచుకుంటూ పోయే అలవాటు మానేశాడు. రోజూ రాసుకునే పుస్తకం తెచ్చి చూపించాడు. ఎడమ గడిలో ఎత్తిన బరువు, కుడి గడిలో ఆ రాత్రి కాలు లాగిందో లేదో. చెప్పుకు వెనక పట్టీ ఉన్నది వేసుకొచ్చాడు.