సున్నపు పూవు

హనుమకొండనుండి కరీంనగరునకు పోవు మార్గమున హసన్‌పర్తి యున్నది. అది నా స్వగ్రామము. అచ్చట మా పాతయింటి వీధివాకిటిపై సున్నపు గచ్చుతో తీర్చిన తామరపూవొకటి యుండెడిది. దాని కిరువంకల రెండు చిలుకలు ముక్కులు చాచి నిలిచియుండెడివి. తాపీపనిలో చేయితిరిగిన మా తాత తన పడుచుతనమున వానిని మలచెను.

తాత సున్నము సిద్ధపరచు విధము నాకింకను కన్నులకు గట్టినట్లున్నది. కాల్చిన సున్నపురాళ్లను గుంటలోని నీట వేయగనే అవి బుసకొట్టుచు పొంగి మెత్తబడెడివి. ఆ సున్నమును దినములకొలది మాగనిచ్చి, ఇసుకతో చేర్చి గానుగలో వేయించెడివాడు. ఎద్దులు గుండ్రముగా తిరుగుచుండ, రాతిచక్రము క్రింద అది వెన్నవలె నయ్యెడిది. అందు కరక్కాయలు నానిన నీటిని, బెల్లపునీటిని కలిపెడివాడు. నేను తొందరపెట్టినచో నవ్వి, "సున్నమునకు మన తొందర తెలియదు బిడ్డా! దాని వేళకే అది పదునెక్కును" అనెడివాడు. పదునెక్కిన ముద్దను గోడకద్ది, చిన్న తాపీతో రేకులు విడదీసెడివాడు. తడి యారకముందే పని ముగియవలెను. గట్టిపడిన పిమ్మట దిద్దుటకు వీలులేదు.

నాకు ఉద్యోగము దొరకిన యేడు ఇంట పెండ్లి కుదిరెను. తామరరేకులపై పెచ్చులు లేచియుండుట నాకు నామోషీగా తోచెను. తాతనడుగకయే పనివారిని పిలిపించి గోడకు సిమెంటు పూయించితిని. చిలుకలలో ఒకటి చూరుక్రింద మరుగున నుండుటచే పూతకు తప్పినది. సాయంకాలము తాత వాకిట నిలిచి చాలసేపు గోడవంక చూచెను. నన్ను కోపపడలేదు. "గోడకు ఊపిరాడనీయవలెను బిడ్డా" అని మాత్రమనెను. ముసలివాని చాదస్తమని నేను లోలోన నవ్వుకొంటిని.

మూడు వానకాలములు గడచునప్పటికి సిమెంటు ఉబ్బి, పలకలు పలకలుగా ఊడిపడెను. దానితోపాటు తామరపూవును రాలిపోయెను. అప్పటికి తాత లేడు.

ఆయన మాటలోని శాస్త్రము నాకు తరువాత బోధపడెను. సున్నము ఆరునప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మరల రాయిగా మారును. అయినను అందు సూక్ష్మరంధ్రములుండుటచే గోడలోని తేమ వెలికి పోగలదు. సిమెంటు ఆ దారిని మూసివేయును. లోపల చిక్కిన తేమయు లవణములును పూతను త్రోసివేయును.

ఈ విద్య మన యొక్కరిదే కాదు. రోమునగరమున నేలలో పూడియున్న నీరో చక్రవర్తి మందిరపు గచ్చుబొమ్మలను జొవాన్ని ద ఊదినె అను చిత్రకారుడు చూచెను. అట్టి గచ్చును చేయుటకు పెక్కుమారులు ప్రయత్నించి, తుదకు సున్నములో తెల్లని పాలరాతిపొడి కలిపి కృతార్థుడయ్యెను. 1519 నాటికి, గురువగు రఫాయేలు పర్యవేక్షణలో, వాటికన్ ప్రాసాదపు వసారాను దానితో అలంకరించెను. పిమ్మట ఆ పని ఇటలీలోని చర్చిలకును శోభ గూర్చెను. అదే శతాబ్దమున, 1591లో, హైదరాబాదున చార్మినారు వెలసెను. దానిపై కనబడు పూవులు సున్నపు గచ్చుతో తీర్చినవే. 2019 మే నెలలో ఒక మినారునుండి గచ్చుముక్క రాలిపడినదని వినినప్పుడు మా వాకిలి నాకు జ్ఞప్తికి వచ్చెను. కుతుబ్ షాహీ సమాధులకడ 2013లో మొదలైన జీర్ణోద్ధరణలో, మునుపు పూసిన సిమెంటును తొలగించి మరల సున్నమునే వాడిరి. అచ్చట పనివారి చేతులను చూచుచు నేను చాలసేపు నిలిచితిని. ఆ చేతులలో మా తాత చేతులు కనబడినవి.

పోయిన యేడు హసన్‌పర్తికి వెళ్లి, మిగిలిన చిలుక ప్రక్కన తామరపూవును తిరిగి నిలుపనెంచి సున్నము మాగవేసితిని. రేకులు వంకరపోయినవి. చూచుచున్న నా మనుమరాలు, "తాతా! ఇది పూవా, గోబీగడ్డయా?" అని నవ్వెను. నేనును నవ్వి, ముద్దను ఊడదీసి మరల మొదలుపెట్టితిని. సున్నము మెత్తగా నున్నంతవరకు తప్పు దిద్దుకొనవచ్చును. మా తాత విషయమున నాకా యవకాశము దక్కలేదు.