కర్ర పట్టుకుంటే ముసలితనం రాదు

మనవాళ్ళకు కళ్ళజోడంటే సిగ్గు లేదు. కట్టుడు పళ్ళన్నా సిగ్గు లేదు. చేతికర్ర అనేసరికి మాత్రం పరువు పోయినట్టు బాధపడతారు. మూడూ చేసేది ఒకటే పని, శరీరంలో తగ్గినదాన్ని బయటి వస్తువుతో పూడ్చడం. ఒకదానికి లేని అవమానం ఇంకొకదానికి ఎక్కడినుంచి వచ్చింది?

రక్షణ శాఖ లెక్కల విభాగంలో రిటైరయ్యాక నేను గోల్ ఘర్‌లోనే ఉండిపోయాను. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది గానీ ఊరి ఎత్తుపల్లాలు మారలేదు. ఎటు కదిలినా ఎక్కుడో, దిగుడో. పైగా నెలల తరబడి వానలు, నాచు పట్టిన మెట్లు.

మా అక్కకు డెబ్బై నాలుగేళ్ళు. మాతోనే ఉంటుంది. మోకాళ్ళు అరిగాయి, కర్ర వాడమని డాక్టరు చెప్పారు. "ఏరా, అప్పుడే నన్ను ముసలమ్మను చేసేస్తావా?" అని నా మీద విరుచుకుపడింది. ముందు అబర్డీన్ బజారుకు వెళ్ళడం మానేసింది. తర్వాత పక్కింటికి కూడా మానేసింది. కదలకపోతే కండ తగ్గుతుంది. కండ తగ్గితే తూలి పడే ప్రమాదం పెరుగుతుంది. ఇదేమీ చిన్న విషయం కాదు. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో పెద్ద వయసువాళ్ళే ఎక్కువ.

ఈలోగా చుట్టాలొకరు రాగి కడియం, అయస్కాంతం పట్టీ పంపారు. వాటికి అక్క ఏమాత్రం సిగ్గుపడలేదు! బ్రిటన్‌లో కీళ్ళ అరుగుదల ఉన్న 45 మందికి రాగి కడియం, అయస్కాంతం పట్టీ, అయస్కాంత శక్తి తీసేసిన ఉత్తుత్తి పట్టీ మార్చి మార్చి తొడిగి చూశారు. ఫలితాలు 2009లో వచ్చాయి. నొప్పి విషయంలో అసలుకీ ఉత్తుత్తిదానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

కర్రలో మహిమ లేదు, లెక్క ఉంది. నొప్పి ఉన్న కాలి వైపే పట్టుకోవాలని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండో చేత్తో పట్టుకోవాలి. నొప్పి కాలూ కర్రా కలిసి ముందుకు పడాలి. అప్పుడు ఆ కాలి మీద పడే బరువులో కొంత కర్ర మోస్తుంది. నిలబడి చెయ్యి వదులుగా వేలాడేస్తే పిడి మణికట్టు దగ్గరకు రావాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. అడుగున ఉండే రబ్బరు తొడుగు అరిగితే వెంటనే మార్చాలి. మా ఊరి వానల్లో ఇది మరీ ముఖ్యం.

"అక్కా, నా మాట నమ్మొద్దు. పరీక్షించి చూడు" అన్నాను. వరండాలో ఒకరోజు కర్రతో, ఒకరోజు కర్ర లేకుండా, కూర్చోవాలనిపించే దాకా ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో రెండు వారాలు పుస్తకంలో రాశాను. కర్ర లేని రోజుల్లో ఐదారు సార్లు. ఉన్న రోజుల్లో పది దాటింది. ఒక్కరి అనుభవం శాస్త్రం కాదని నాకూ తెలుసు. కానీ ఆ అంకెలు అక్కవి, ఆమె కాదనలేకపోయింది. ఇప్పుడు కర్రతో సందు చివరి కొట్టు దాకా వెళ్ళొస్తోంది. నొప్పి పోలేదు. బందిఖానా పోయింది. స్నానాల గదిలో గోడకు స్టీలు కడ్డీ కూడా బిగించాం.

డబ్బు లేనివాళ్ళ మాటేమిటంటారా? 60 ఏళ్ళు దాటిన పేదలకు కర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను 2017లో మన నెల్లూరులోనే ప్రారంభించారు. కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలింకో ద్వారా ఇవి అందుతాయి. అర్హులైనవాళ్ళు అడిగి తీసుకోవాలి. ఇది దానం కాదు, హక్కు అనుకోవాలి.

1930లో దండికి నడిచేనాటికి గాంధీకి 60 ఏళ్ళు. చేతిలో వెదురు కర్ర. దాదాపు 385 కిలోమీటర్లు నడిచారు. ఆయన్ని చూసి పాపం ముసలాయన అని ఎవరైనా జాలిపడ్డారా? మీ ఇంట్లో మంచం పట్టుకుని కూర్చున్న పెద్దవాళ్ళుంటే తాయెత్తు కట్టకండి. డాక్టరుకు చూపించి, సరైన ఎత్తున్న కర్ర చేతికివ్వండి. మొదటి వారం పక్కనే నడవండి.