లిస్టులో లేనిది

మా తమ్ముడి భార్యకి ఏడో నెల. నిన్న రాత్రి వాట్సాప్‌లో లిస్టు పంపింది.
"వదినా, ఇవన్నీ కొనెయ్యనా?"

మోకాళ్ల ప్యాడ్లు, తల వెనక తగిలించే కుషన్, టేబుల్ మూలలకి రబ్బరు తొడుగులు, ఆక్సిజన్ చూపించే సాక్సు, వాకర్.
మొత్తం 40 వేల పైమాటే.

వాకర్ మాత్రం వద్దే తల్లీ అన్నాను. పిల్లలు మెట్ల మీంచి దొర్లిపోతున్నారని కెనడాలో 2004లోనే అమ్మకం నిషేధించారు. మనకింకా అది పుట్టినరోజు గిఫ్టు!

ఆ సాక్సు చూస్తే భయాన్ని ప్యాక్ చేసి అమ్ముతున్నారనిపించింది. వీటిని నమ్ముకోవద్దు, గట్టి పరుపు మీద దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టండి అంటుంది అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం.
(ఆవాల దిండు వద్దని మా అమ్మకి ఎవరు చెప్తారో చెప్పండి, నా వల్ల కాదు.)

రబ్బరు తొడుగులు సరే, వందల్లో పోయేది.

ఇంతా చేసి కారు సీటు లేదు!
"ఒళ్లో కూచోబెట్టుకుంటాగా వదినా."
విజయవాడ హైవే మీద ఆ స్పీడులో బండి గుద్దుకుంటే ఏ తల్లి చేతులూ ఆపలేవు. స్కూటర్ మీదైతే 4 ఏళ్లలోపు పిల్లలకి హెల్మెట్, బెల్టు ఉండాలని 2023 నుంచి రూలుంది. ఎక్కడైనా చూశారా?

కారు సీటు వాడినవాళ్లు చెప్పండి, పిల్లలు ఏడవకుండా ఎలా కూచున్నారు? మీ కామెంట్లు తనకి పంపిస్తా.