గొంతు ఒక్కటే సాక్ష్యం కాదు



రాత్రి పొద్దుపోయాక ఎవరైనా తలుపు తడితే "ఎవరూ?" అంటాం. బయటి నుండి "నేనే" అని వినబడుతుంది. పేరు చెప్పకపోయినా గడియ తీస్తాం. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో రొదే అనే చిన్నది కూడా అలాగే పోల్చుకుంది. చెరసాల నుండి విడుదలై వచ్చిన పేతురు ముఖం ఆమె చూడలేదు. గొంతు విని, సంతోషంతో తలుపు తీయడం కూడా మరచి లోపలికి పరుగెత్తింది. లోపల ఉన్నవారు నమ్మలేదు గాని ఆమె విన్నది నిజమే. తరతరాలుగా మనుష్యుల మధ్య గొంతు అంత నమ్మకమైన సాక్షి.

ఆ సాక్షిని ఇప్పుడు పరీక్షించి చూడవలసిన దినాలు వచ్చాయి. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు వాల్-ఈ అనే ప్రోగ్రామును గురించి ప్రకటించారు. ఒక మనిషి మాట 3 సెకన్లు వినిపిస్తే చాలు, అతడు ఎన్నడూ పలకని మాటలను అతని గొంతుతోనే పలుకుతుంది. దానికి ముందుగా 60,000 గంటల ఇంగ్లీషు మాటలు వినిపించి నేర్పారు. మనుషులు మాట్లాడే తీరు అలా నేర్చుకొని, ఒక్కొక్కరి గొంతులోని జీరను, ఎత్తుపల్లాలను మాత్రం ఆ చిన్న ముక్క నుండి పట్టుకుంటుంది. 2024 మార్చిలో ఓపెన్‌ఏఐ సంస్థ 15 సెకన్ల రికార్డింగుతో ఇదే పని చేసే వాయిస్ ఇంజిన్‌ను చూపించింది గాని, చెడుకు వాడతారనే భయంతో అందరి చేతికీ ఇవ్వకుండా ఆపింది. అయితే ఇటువంటి సాఫ్ట్‌వేరు వేరే చోట్ల అప్పటికే దొరుకుతోంది. మన మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారు ఏళ్ల తరబడి సాధన చేసి సంపాదించిన విద్య వంటిది, ఈ రోజు ఏ సాధనా లేనివాని చేతికి వచ్చింది.

ఇది సాతాను పని అని ఒక్క మాటతో తోసివేయవద్దు. 2023లోనే యాపిల్ సంస్థ తన ఫోన్లలో పర్సనల్ వాయిస్ అనే సదుపాయం పెట్టింది. నరాల జబ్బుతో మెల్లమెల్లగా మాట పడిపోయే రోగులు, మాట ఉండగానే కొన్ని వాక్యాలు చదివి తమ గొంతును దాచుకోవచ్చు. తరువాత వారు టైపు చేసిన మాటలను ఫోన్ వారి గొంతుతోనే చదువుతుంది. నోరు పెగలని తండ్రి తన బిడ్డను తన గొంతుతోనే పిలవగలిగితే అది కనికరమే. కత్తి వంటింట్లోనూ ఉంటుంది, దొంగ చేతిలోనూ ఉంటుంది.

దొంగ చేతిలో అది ఏం చేస్తుందో 2024 జనవరిలో అమెరికా చూసింది. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ప్రాథమిక ఎన్నికకు ముందు వేలమంది ఓటర్లకు అధ్యక్షుడు బైడెన్ గొంతుతో ఫోన్లు వచ్చాయి. ఈ ఎన్నికలో ఓటు వేయవద్దని చెప్పాయి. ఆ మాటలు ఆయనవి కావు, యంత్రం పలికినవి. ఒక దేశాధ్యక్షుని గొంతుకే రక్షణ లేకపోతే కువైట్‌లో డ్రైవరు పని చేసుకునే మన పిల్లవాని గొంతుకు ఏమి రక్షణ?

మన సంఘంలోని ఒక సహోదరికి అటువంటి ఫోనే వచ్చింది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాం. కొత్త నంబరు. అవతల కొడుకు గొంతు, ఏడుపు. "అమ్మా, పోలీసులు పట్టుకున్నారు, 40 వేలు ఇప్పుడే పంపు, నాన్నకు చెప్పొద్దు" అన్నాడు. కొబ్బరి దింపు డబ్బు ఇంట్లోనే ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా సెంటరుకు బయలుదేరిన ఆ తల్లి దారిలో ఆగిపోయింది. ఎందుకో తెలుసా? ఆమె కొడుకు ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు. చేయగానే మొదట అడిగేది, "అమ్మా, బీపీ మాత్ర వేసుకున్నావా?" అని. "వాడు కష్టంలో ఉన్నా ఆ మాట అడగకుండా ఉండడు అయ్యగారూ" అంది మాతో. ఫోన్ పెట్టేసి కొడుకు పాత నంబరుకు చేసింది. అతడు గదిలో నిద్రపోతున్నాడు.

ఆ గొంతు యంత్రానిదో, ఎవరైనా అనుకరించినదో ఆమెకు తెలియదు. ఆమె చెవి మోసపోయింది. ఆమెను కాపాడింది కొడుకు ప్రేమను ఎరిగిన హృదయం.

ఆదికాండము 27వ అధ్యాయం ఇప్పుడు మరలా చదవండి. చూపు మందగించిన ఇస్సాకుకు గొంతు వింటే యాకోబుగా తోచింది. తడిమితే ఏశావుగా తోచింది. చేతులను, భోజనాన్ని, బట్టల వాసనను నమ్మి మోసపోయాడు. ఆ రోజు నిజం చెప్పినది గొంతు ఒక్కటే. ఈ రోజు అది తలకిందులైంది. ఫోనులో తడమడానికి చేతులు లేవు, ఉన్న గొంతు కూడా అరువుదే కావచ్చు. ఇంకొకటి గమనించండి. ఇంత త్వరగా వేట ఎలా దొరికిందని తండ్రి అనుమానపడితే, యాకోబు దేవుని పేరు చెప్పి దాటవేశాడు. దేవుని పేరు వినగానే అడగడం మానుకోవాలని వాక్యం మనకు నేర్పలేదు.

మరి ఎలా గుర్తుపట్టాలి? యోహాను 10వ అధ్యాయంలో గొర్రెలు కాపరి స్వరమును ఎరిగి వెంబడిస్తాయని, పరాయివాని వెంట పోవని ప్రభువు చెప్పాడు. కోతలయ్యాక మన చేలల్లో మంద పెట్టే గొల్లవారిని చూడండి. ఆ గొర్రెలకు కాపరి కూత తెలిసేది చెవి గొప్పతనం వలన కాదు. ఎండలో నీళ్లకు తీసుకుపోయినవాడు, ముల్లు దిగితే తీసినవాడు ఆయనే. కలిసి గడిపిన దినాల వలన ఆ కూత తెలుసు. అదే అధ్యాయంలో దొంగ తీసుకొనిపోవడానికి వస్తాడు, కాపరి తన ప్రాణం ఇస్తాడు. కాబట్టి గొంతు ఎలా ఉందని మాత్రమే చూడవద్దు, అది ఏమి అడుగుతోందో చూడండి. తొందరపెట్టి, భయపెట్టి, ఎవరికీ చెప్పవద్దని డబ్బు అడిగే గొంతు ఎంత తీయగా ఉన్నా అనుమానించండి.

ఇంటింటా ఈ పని చేయండి. కుటుంబానికి మాత్రమే తెలిసిన ఒక గుర్తు మాట ఎదురెదురుగా కూర్చుని అనుకోండి, వాట్సాప్‌లో పెట్టవద్దు. అనుమానపు ఫోన్ వస్తే పెట్టేసి, మీ దగ్గరున్న పాత నంబరుకు మీరే చేయండి. డబ్బు పోతే సిగ్గుపడి ఆలస్యం చేయవద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక మా గొంతు సంగతి. ఆదివారపు వర్తమానాలు యూట్యూబులో పెడుతున్నాం. 3 సెకన్లు చాలనేవానికి మా గొంతు గంటలకొద్దీ అక్కడ ఉంది. గనుక మందిరం కోసమనో, రోగి కోసమనో మా గొంతుతో ఫోన్ వచ్చినా, వాయిస్ మెసేజి వచ్చినా ఒక్క రూపాయి పంపవద్దు. మన సంఘంలో కానుక మందిరంలో, అందరి ఎదుట మాత్రమే. అయ్యగారినే అనుమానించామే అని బాధపడవద్దు. పౌలు చెప్పినదాన్నే బెరయవారు లేఖనాలతో సరిచూసుకున్నారు, వాక్యం వారిని మెచ్చుకుంది.

దూరదేశాల్లో ఉండి ఇది చదువుతున్న బిడ్డలారా, మీకొక మాట. మీ అమ్మకు వారం వారం ఫోన్ చేయండి. డబ్బు సంగతి తరువాత, మాత్ర వేసుకుందో లేదో ముందు అడగండి. మీ గొంతును దొంగిలించవచ్చు గాని, ఆమె మీద మీకున్న శ్రద్ధ దొంగకు దొరకదు. ప్రభువు విషయంలోనూ ఇంతే. ఆయన పేరు చెప్పుకొని వచ్చే గొంతులు ఫోనులో రోజుకు ఎన్నో వింటున్నాం. ప్రతి ఉదయం వాక్యం ముందు ఆయనతో గడిపినవారికి ఆయన ఏమి అడుగుతాడో, ఏమి అడగడో తెలుస్తుంది.

మంచి కాపరి మిమ్మును, మీ పిల్లలను, మీ కష్టార్జితాన్ని కాపాడును గాక. ఆమేన్.