మా తాత తుపాకి



మా నక్కలోళ్లను (తమిళనాడులో నరికురవలు అంటారు) చూసినవాళ్లు రెండే సంగతులు అడుగుతారు. పూసలెంత? తుపాకి ఉందా? ఈ రెండోదాని గురించి రాస్తున్నాను. మా ఇంట్లో ఇప్పుడు తుపాకి లేదు.

అది మా ముత్తాత నుంచి తాతకు వచ్చిన మందు తుపాకి. తూటాలు వేసేది కాదు. గొట్టం మూతిలో మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, సీసం రవ్వలు వేసి, ఇనుప కడ్డీతో కూరాలి. ఒకసారి కాల్చినాక మళ్లీ అంతా మొదటి నుంచి చేయాలి. అందుకే తాత "ఉండేది ఒక్క దెబ్బే అనుకోని చూడాల" అనేవాడు. ఒకప్పుడు కౌజులు, కుందేళ్లు దాంతోనే ఇంటికొచ్చేవి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. ఆ తర్వాత వేట నేరమైంది. మావాళ్లకు పూసలు, పిన్నీసులు, తిరుపతి వీధులే బతుకుతెరువైనాయి. తుపాకి మాత్రం లైసెన్సుతో ఇంట్లోనే ఉండింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తాత దాన్ని పోలీసు స్టేషన్లో అప్పజెప్పి, అయిపోయినాక తెచ్చుకొని నూనెగుడ్డతో తుడిచేవాడు.

ఇప్పుడు తాతకు కళ్లు మసకలు. నాయనకు తుపాకి పట్టే అలవాటు లేదు. నాకు ఇమ్మని అడిగితే లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలన్నారు. నాకు 14.

కొంటామని ఇద్దరొచ్చారు. ఇద్దరికీ లైసెన్సులున్నాయి. ఒకాయన కొత్త మేడలో గోడకు తగిలిస్తానని ఎక్కువ డబ్బు చెప్పాడు. రెండో ఆయన పలమనేరు దిక్కు చెనక్కాయలు వేసే రైతు. పంట కాపలాకు మందు తుపాకి లైసెన్సు ఇవ్వొచ్చని 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. ఆయన తుపాకి గొట్టం తుప్పు పట్టి పోయిందంట. అడవి పందుల్ని చంపడానికి కాదు, రవ్వలు లేకుండా ఉత్త మందు కూరి, శబ్దం చేసి తరమడానికి కావాలన్నాడు.

ఆయన డబ్బు మాట ముందు ఎత్తలేదు. చాప మీద తాత పక్కనే కూర్చొని "పెద్దాయనా, దీనికి మందు ఎంత పోయాల? మీ చేత్తో చూపించండి" అన్నాడు. తల నెరిసిన మావాళ్లను కూడా "ఒరే" అని పిలిచేవాళ్లనే నేను ఎక్కువ చూశాను. తాత గంటసేపు చూపించాడు. "సామీ, తేమ తగలనీయొద్దు, పిల్లోళ్లకు అందనీయొద్దు" అని రెండుసార్లు చెప్పాడు. ఆయన రెండుసార్లూ తల ఊపినాడు.

ఆయన పోయినాక నాయన "తక్కువకు ఒప్పుకుంటివే" అన్నాడు. "గోడకు తగిలిస్తే దానికేం పని రా? వాడే చేతికి పోనీ" అన్నాడు తాత.

తుపాకి అమ్మాలంటే ముందుగా రాసిచ్చి 45 రోజులు ఆగాలని చట్టం. ఆ నెలన్నరా తాత దాన్ని రోజూ తుడిచాడు. సెలవులకు పోయిన నేను పక్కన కూర్చొని అడిగినాను. ముత్తాత ఏ కొండకు పోయేవాడు, ఏ పిట్ట ఎట్లా కూస్తుంది, గాలి ఎటు ఉంటే ఎటు నడవాల, అన్నీ నోటుబుక్కులో 11 పేజీలు రాసుకున్నాను. ఇచ్చిన రోజు తాత అన్నం తినలేదు. ఏమీ మాట్లాడలేదు.

పంట కోసినాక ఆ రైతు ఒక మూట చెనక్కాయలు తెచ్చి, "పెద్దాయనా, గొట్టం అద్దంలా పెట్టుకున్నా, వచ్చి చూసిపోండి" అన్నాడు. తాత నవ్వినాడు. ఈసారి సెలవుల్లో ఇద్దరం పోతాం.

మిత్రులారా! మన యానాది, ఎరుకల, సుగాలి ఇళ్లలో కూడా వలలు, బుట్టలల్లే కత్తులు, అద్దాల పైటలు ఉన్నాయి. అవి ఎవరి చేతికి పోతే బాగుంటుందో మీ అవ్వాతాతలను అడగండి. అడిగి, మన గోడపత్రికకు రాయండి.

— 9వ తరగతి విద్యార్థి